కాడ తెగాక

అమెరికా హైస్కూళ్లలో ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా ప్రామ్ కాలం. బడి చదువు ముగించబోయే పిల్లల కోసం ఏర్పాటు చేసే పెద్ద నాట్యపు విందు అది. అబ్బాయిలకు కోటూ బో టై, అమ్మాయిలకు నేల దాకా జారే గౌను. కోటు మీద చిన్న పువ్వు, అమ్మాయి మణికట్టుకు పూలపట్టీ, లేదంటే చేతిలో ఇమిడే చిన్న బొకే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ ఈ సంబరం ఇప్పుడు మామూలే. కొనుక్కునే వీలున్నా, పిల్లలు వంటింటి బల్ల మీద పూలు పరుచుకుని తమ బొకే తామే కట్టుకుంటామంటే, ఆ కోరికను తప్పకుండా సాగనివ్వాలి. చేతిపని వాళ్లకు వస్తుంది. దాంతో పాటు వృక్షశాస్త్రంలో ఒక మంచి అధ్యాయమూ వాళ్ల వేళ్లకు తెలుస్తుంది.

ఎందుకంటే కోసిన పువ్వు ఇంకా బతికే ఉంటుంది. శ్వాసిస్తుంది, నీళ్లు తాగుతుంది, చక్కెర ఖర్చు చేసుకుంటుంది, పెరుగుతుంది కూడా. తులిప్ పూలను జాడీలో పెట్టి చూడండి: రెండు మూడు రోజుల్లో కాడలు కొన్ని సెంటీమీటర్లు సాగి, వెలుతురు వైపు వంగుతాయి. కత్తెర పడిన క్షణాన పువ్వు పోగొట్టుకున్నవి రెండే. వేరు నుంచి వచ్చే నీరు, మొక్కంతటి ఆకుల నుంచి వచ్చే తిండి. బొకే కట్టేవాళ్ల నేర్పంతా ఈ రెండు లోట్లనూ నాట్యం జరిగే శనివారం రాత్రి వరకు పూడ్చడంలో ఉంది. శనివారం రాత్రి చాలు, ఆ తర్వాతి వారం అక్కర్లేదు. ఈ గడువు ఇంత చిన్నదన్న సంగతే చేతితో కట్టుకునేవాళ్లకు దొరికిన పెద్ద వరమని నా నమ్మకం. అది ఎలాగో చెప్పేముందు నీటి సంగతి చూడాలి.

మొక్కలో నీటిని కింది నుంచి ఎవరూ పంపు కొట్టి తోయరు. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లోటు పైనుంచి కిందికి దారు నాళాల్లోని నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల ఆ లాగుడు వేరు దాకా తెగకుండా అందుతుంది. డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ 1894లో ఈ మాట చెప్పినప్పుడు నమ్మడం కష్టమైంది. నేడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఆ వివరణే. అంటే మొక్క మీద ఉన్న గులాబీ కాడలో నీరు ఎప్పుడూ బిగిసి, సాగదీసినట్టుగా ఉంటుంది. కాడ కోయగానే ఆ బిగువు సడలి నీరు లోపలికి జారుకుంటుంది, ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. తర్వాత ఎన్ని నీళ్లలో నిలబెట్టినా, గాలి అడ్డుపడిన నాళం గుండా నీరు సరిగా ఎక్కదు.

అదృష్టవశాత్తు గాలి చాలా దూరం పోలేదు. ఒక నాళానికీ పక్క నాళానికీ మధ్య ఉండే సన్నని పొరలు నీటిని పోనిస్తాయి కానీ గాలి బుడగను ఆపేస్తాయి. కాబట్టి గాలి తెగిన నాళాలకే పరిమితమవుతుంది. పూలు ఇంటికి తేగానే కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు నీటిలో ముంచి ఉంచే కోయమని పూలవాళ్లు చెప్పేది ఇందుకే. గాలి చేరిన ముక్కలో ఎక్కువ భాగం పోతుంది, కొత్త కోతకు గాలి బదులు నీరు తగులుతుంది. ఏటవాలుగా కోయమనడానికి మాత్రం చాలామంది చెప్పే కారణం సరైంది కాదు. ఏటవాలుగా కోస్తే కోత వెడల్పవుతుంది నిజమే, కానీ నాళాల సంఖ్య పెరగదు కదా. కాడ చివర జాడీ అడుగుకు అంటుకుని మూసుకుపోకుండా ఉండటమే దాని వల్ల కలిగే లాభం. కత్తి పదునుగా ఉండటం దానికన్నా ముఖ్యం. మొద్దు కత్తెర నాళాలను నలిపేస్తుంది.

నీరు గోరువెచ్చగా ఉంటే ఇంకా మేలు. 20 డిగ్రీల నీటికి ఉండే చిక్కదనంలో 40 డిగ్రీల నీటికి మూడింట రెండొంతులే ఉంటుంది. పల్చటి నీరు సన్నటి నాళంలో సులువుగా ఎక్కుతుంది. పైగా వెచ్చని నీటిలో కరిగి ఉండే గాలి తక్కువ. ఒకసారి తాగి తేరుకున్నాక పూలను చల్లచోటికి మార్చాలి.

నాళాలకు గాలి తర్వాత రెండో శత్రువు బ్యాక్టీరియా. తెగిన కాడలోంచి కారే రసాలు జాడీ నీటిలో వాటికి విందు. అవి, వాటి జిగురు కలిసి కోతను పూడ్చేస్తాయి. జెర్బెరా తల వాల్చడానికీ, గులాబీ మొగ్గ దగ్గర మెడ వంచడానికీ తరచుగా ఇదే కారణం. గులాబీ మెడ భాగంలో కాడ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, లోపలి నీటి ఒత్తిడి మీదే నిలబడుతుంది. నీరు ఆగితే ముందు వంగేది అక్కడే. పూల దుకాణంలో ఇచ్చే చిన్న పొట్లంలో ఉండేవి మూడు: పువ్వుకు తిండిగా చక్కెర, నీరు ఎక్కడానికి తోడ్పడే ఆమ్లం, బ్యాక్టీరియాను ఆపే మందు. పొట్లం లేకపోతే లీటరు నీటిలో ఒక పెద్ద చెంచా చక్కెర, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలిపి, చివరన అర చిన్న చెంచా బ్లీచ్ వేసుకోవచ్చు. నిమ్మరసాన్నీ బ్లీచ్‌నూ నీళ్లు లేకుండా నేరుగా కలపకూడదు, విషవాయువు వస్తుంది. చక్కెర ఒక్కటే వేస్తే మటుకు పువ్వుకన్నా ముందు బ్యాక్టీరియాకు తిండి పెట్టినట్టే. జాడీలో పెన్నీ నాణెం వేయమనే పాత చిట్కా అమెరికాలో ఇంకా వినిపిస్తుంది. రాగికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నమాట వాస్తవమే. కానీ నాణెం లోంచి నీటిలో కరిగే రాగి అత్యల్పం. 1982 తర్వాతి పెన్నీల్లోనైతే రాగి పైపూత మాత్రమే, లోపలంతా జింకు.

ఆకులు గిల్లేయడం మొదట మనసుకు కష్టంగా ఉంటుంది, పచ్చదనం పోతుందని. అయినా గిల్లాలి. గులాబీ కాడ పోగొట్టుకునే నీటిలో ఎక్కువ భాగం ఆకుల పత్రరంధ్రాల గుండానే పోతుంది. రేకుల మీద మైనపు పొర ఉంటుంది, వాటికి పత్రరంధ్రాలు ఉండవు, ఉన్నా అతి తక్కువ. నీటిలో మునిగే ఆకులైతే కుళ్లి బ్యాక్టీరియాను పెంచుతాయి, వాటిని అసలే ఉంచకూడదు. రాత్రి పూలను చీకటి గదిలో ఉంచితే మిగిలిన ఆకుల రంధ్రాలు మూసుకుని, ఆ తీరికలో కాడ నీటితో నిండుతుంది.

ఇక అసలు కష్టమైన లెక్క సమయం. మూసుకున్న మొగ్గ బొకేలో ఎంత అందంగా కట్టినా మొగ్గలాగే ఉంటుంది, మరీ విచ్చిన పువ్వు నాట్యం మధ్యలో రేకులు రాలుస్తుంది. గులాబీ విచ్చుకోవడం అంటే రేకుల్లోని కణాలు ఉబ్బడం. అప్పటిదాకా దాచుకున్న పిండిపదార్థాన్ని కణాలు చక్కెరగా విడగొడతాయి. లోపల చక్కెర పెరిగిందంటే ద్రవాభిసరణ వల్ల నీరు చొరబడుతుంది, కణం సాగుతుంది, రేకు వెనక్కి వాలుతుంది. ఈ పనికి నీరూ చక్కెరా రెండూ కావాలి, వెచ్చదనం దాన్ని వేగిరపరుస్తుంది. శనివారం సాయంత్రం ఏడింటికి నాట్యమైతే, బుధవారమో గురువారమో గట్టి మొగ్గలు తెచ్చి, చక్కెర కలిపిన నీటిలో మామూలు గదిలో ఉంచాలి. రేకులు సగం వదులయ్యాయని అనిపించిన పూటే వాటిని ఫ్రిజ్‌లోకి మార్చాలి. చలిలో శ్వాసక్రియ మందగిస్తుంది, పువ్వు ఆ మెట్టు మీదే ఆగుతుంది. మరీ ముదిరిన ఎర్ర గులాబీని మీరు గుర్తుపట్టగలరు: అంచుల్లో నీలి ఛాయ వస్తుంది. తిండి అయిపోయి కణం తన మాంసకృత్తులనే కరిగించుకునేసరికి కణం లోపలి నీటి సంచిలో (రిక్తికలో) ఆమ్లత తగ్గి, అదే వర్ణకం వేరే రంగు చూపిస్తుంది. ఆ ఛాయ కనబడిన పువ్వును కట్టలో పెట్టొద్దు.

ఫ్రిజ్‌లో పెట్టేముందు యాపిల్ పళ్లు బయటికి తీసేయండి. దీని వెనక నాకు ఎంతో ఇష్టమైన కథ ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దపు నగరాల్లో దీపాలు బొగ్గు నుంచి తీసిన వాయువుతో వెలిగేవి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే యువ పరిశోధకుడు ప్రయోగశాలలో మొలకెత్తించిన బఠాణీ మొలకలు నిటారుగా పెరగకుండా అడ్డంగా పాకడం చూశాడు. బయటి గాలిలో అవే మొలకలు చక్కగా పెరిగాయి. దీపపు వాయువులోని ఏ పదార్థం ఈ పని చేస్తోందో ఒక్కొక్కటిగా వడగట్టి, అది ఇథిలీన్ అని 1901లో ప్రకటించాడు. ఆ తర్వాత షికాగో పూలతోటల వాళ్లకు ఇంకో తలనొప్పి వచ్చింది. గాజు ఇళ్లలో పెంచిన కార్నేషన్ పూలు విచ్చినవి విచ్చినట్టే ముడుచుకుని నిద్రపోతున్నాయి. విలియం క్రాకర్, లీ నైట్ 1908లో కారణం తేల్చారు: ఎక్కడో కారుతున్న వాయువు గొట్టం. గాలిలో 20 లక్షల వంతుల్లో ఒక్క వంతు ఇథిలీన్ ఉన్నా, 12 గంటల్లో విచ్చిన కార్నేషన్ ముడుచుకుపోతోంది. మొక్కలు తామే ఈ వాయువును తయారు చేసుకుంటాయని 1934లో రిచర్డ్ గేన్ యాపిల్ పళ్ల మీద నిరూపించాడు. కాయను పండించే సంకేతమూ పువ్వును వాడ్చే సంకేతమూ ఒకటే. పరాగసంపర్కం జరిగిపోయిన పువ్వుకు రేకులతో ఇక పని లేదు, మొక్క ఆ ఖర్చు ఆపేస్తుంది. ఇథిలీన్ ఆ ఆపేసే ఆజ్ఞ.

కార్నేషన్, జిప్సోఫిలా, చాలా రకాల ఆర్కిడ్లు ఈ ఆజ్ఞకు తొందరగా లొంగుతాయి. వాడుతున్న కార్నేషన్ తానూ ఇథిలీన్ వదులుతుంది కాబట్టి, కట్టలో ఒక్కటి ముడుచుకున్నా పక్కవాటికి అంటుకుంటుంది. ఆర్కిడ్ మధ్యలోని పుప్పొడి మూత వేలు తగిలి ఊడిపోయినా పువ్వు తన ఆయుష్షు ముగిసిందనుకుంటుంది. అందుకే ఆర్కిడ్‌ను రేకుల వెనకనుంచి పట్టుకోవాలి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ 1990లలో ఒక ఉపాయం కనిపెట్టారు. ఇథిలీన్ కూర్చునే చోట ముందే కూర్చుని దాన్ని అడ్డుకునే చిన్న అణువు అది. పూల వ్యాపారం ఇప్పుడు దాన్ని వాడుతోంది, యాపిల్ గోదాములూ వాడుతున్నాయి. ఇంట్లో కట్టుకునేవాళ్లకు అంత అవసరం లేదు. పండ్ల బుట్ట, సిగరెట్ పొగ, వాడిన పువ్వు దూరంగా ఉంటే చాలు. ఇంకొక్క జాగ్రత్త: డాఫోడిల్ కాడ జిగురు కారుస్తుంది, అది గులాబీ నాళాలను పూడుస్తుంది. వాటిని ముందు ఒక రాత్రి వేరే జాడీలో ఉంచి, మళ్లీ కోయకుండా తీసుకోవాలి.

కట్టే పద్ధతికి వద్దాం. కాడలన్నిటినీ నిలువుగా ఒక చోట చేర్చి బిగిస్తే, మధ్యవి నలుగుతాయి, తలలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పూలవాళ్లు చేసేది వేరు. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య మొదటి కాడను పట్టుకుంటారు. రెండోదాన్ని దాని మీదుగా కొంచెం వాలుగా పెడతారు, మూడోది కూడా అదే వాలులో, అదే దిక్కుకు. ప్రతి కొన్ని కాడలకూ కట్టను చేతిలో కాస్త తిప్పుతారు. ఒక్క కాడ కూడా ఎదురు వాలులో పడకూడదు. కట్ట పూర్తయ్యేసరికి పైన పూలు గోపురంలా విప్పారతాయి, కింద కాడలు చుట్టూ విచ్చుకుంటాయి, నడుము మాత్రం సన్నగా ఉంటుంది. ఒక్క కాడ కూడా వంగలేదు, అన్నీ తిన్నగానే ఉన్నాయి, అయినా మొత్తం రూపం వంపు తిరిగింది. గణితంలో దీని పేరు హైపర్బోలాయిడ్. వ్లాదిమీర్ షుఖోవ్ 1896లో రష్యాలోని నిజ్నీ నొవ్‌గొరోద్ ప్రదర్శనలో తిన్నటి ఉక్కు కడ్డీలతో ఈ ఆకారంలో నీటి ట్యాంకు స్తంభం నిలబెట్టాడు. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు, 2024లో కూల్చేసినవి, ఆ వంపుతోనే ఉండేవి. తిన్నటి గీతలు కోణం మారకుండా ఒకే దిక్కుకు వాలితే ఆ రూపం దానంతటదే వస్తుంది, పైగా ఒకదాన్నొకటి ఆనుకుని గట్టిగా నిలుస్తుంది. అందువల్ల నడుము దగ్గర నార దారం రెండు చుట్లు చుట్టి ముడేస్తే చాలు. సరిగా కట్టిన బొకే బల్ల మీద తన కాడల మీదే నిలబడుతుంది. పిల్లలు మొదటిసారి అలా నిలబెట్టినప్పుడు వాళ్ల కళ్లలో కనిపించే వెలుగు కోసమైనా ఈ పద్ధతి నేర్పాలి.

నాట్యపు బొకేకు పది పన్నెండు కాడలు మించకూడదు. పెళ్లి బొకేలా బరువుగా ఉంటే చేతిలో నుంచి పక్కన పెట్టేస్తారు. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా నాట్యశాలల్లో స్త్రీలు చిన్న పూలగుత్తిని వెండి తీగ అల్లిక గల గరాటు లాంటి పిడిలో పట్టుకునేవారు. దానికి గొలుసూ ఉంగరమూ ఉండేవి. నాట్యం చేసేటప్పుడు ఉంగరం వేలికి తొడుక్కుంటే గుత్తి వేలాడుతుంది. కాడల చుట్టూ తడి నాచు పెట్టేవారు. ఇప్పుడు నాచు బదులు తడి దూది, దానిపైన పల్చటి ప్లాస్టిక్, పైన శాటిన్ రిబ్బన్ చుడితే సరిపోతుంది.

నీటి నుంచి తీశాక పువ్వుకు గండం గాలిలోని వేడి. 30 డిగ్రీల గాలి పట్టగల నీటి ఆవిరి, 20 డిగ్రీల గాలి పట్టగలిగిన దానికి ఇంచుమించు రెట్టింపు. ఫొటోల కోసం ఆగిన చోట బొకేను కారులో వదిలేయడం వల్ల జరిగే నష్టం దీన్ని బట్టి ఊహించవచ్చు. బయట 27 డిగ్రీలే ఉన్నా, ఎండలో మూసి ఉంచిన కారు లోపల గంట తిరక్కుండానే 45 డిగ్రీలు దాటుతుంది. మణికట్టు పట్టీకి మరో ఇబ్బంది: కింద నీరు లేదు, పక్కన ఒంటి వేడి ఉంది. దానికి మందపాటి మైనపు పొర గల ఆర్కిడ్లు, గట్టి రేకుల చిన్న గులాబీలు నిలుస్తాయి. హైడ్రేంజియా నిలవదు.

గడువు చిన్నదవడమే వరమని ముందు అన్న మాటకు ఇప్పుడు వస్తాను. అమెరికా దుకాణాల్లో దొరికే గులాబీల్లో చాలావరకు ఈక్వెడార్, కొలంబియాలవి. సముద్రమట్టానికి 2,600, 2,800 మీటర్ల ఎత్తున, బొగోటా చుట్టుపక్కల, కయాంబే ప్రాంతంలో పెరిగి, విమానంలో ఎక్కువగా మయామి చేరి, అక్కడినుంచి చలి లారీల్లో ఊళ్లకు వస్తాయి. అంత ప్రయాణం చేసి, జాడీలో ఇంకో వారం నిలవాలి. దశాబ్దాలుగా అలాంటి రకాలనే ఎంచి పెంచారు. ఆ ఎంపికలో వాసన పోయింది. ఫ్రాన్స్ పరిశోధకులు 2015లో సైన్స్ పత్రికలో దీనికి ఒక కారణం చూపారు. మంచి వాసన గల పాపా మెయాన్ గులాబీనీ, వాసన లేని రూజ్ మెయాన్‌నూ పోల్చి చూస్తే, నుడిక్స్-1 అనే ఎంజైమ్ జన్యువు మొదటిదాని రేకుల్లో చురుగ్గా ఉంది, రెండోదానిలో దాదాపు పనిచేయడం లేదు.

వారం నిలవాలన్న షరతు దుకాణానిది. శనివారం ఒక్క రాత్రి చాలనుకునేవాళ్లకు ఆ షరతు వర్తించదు. దుకాణం అమ్మలేని పూలన్నీ వాళ్లకు అందుబాటులోకి వస్తాయి: పెరటి సువాసన గులాబీ, ముట్టుకుంటే గోధుమ రంగు మచ్చపడే గార్డీనియా, త్వరగా రాలిపోయే కాస్మోస్. మన మల్లె కూడా. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా తెలుగు ఇళ్ల పెరళ్లలో మల్లె కుండీలు చాలా కనిపిస్తాయి. మల్లెను బొకేలో పెట్టాలన్న ఆలోచన అక్కడి పూలవాళ్లకు రాదు, జాడీలో అది మర్నాటిదాకా ఆగదు గనుక. కానీ మల్లె గడియారం నాట్యపు గడియారంతో చక్కగా కలుస్తుంది. రాత్రి తిరిగే చిమ్మటల కోసం మల్లె సాయంత్రం విచ్చుకుంటుంది, బెంజైల్ ఎసిటేట్, లినలూల్ లాంటి సుగంధ పదార్థాలను చీకటి పడ్డాకే ధారాళంగా వదులుతుంది. హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వచ్చే మల్లెలు మొగ్గలే, విచ్చిన పూలు కావు. తెల్లవారుజామున కోసిన మొగ్గ తనలో ఉన్న నీటితో, తిండితో సాయంత్రం విచ్చుకోగలదు.

కాబట్టి శనివారం ఉదయం నిండుగా తెల్లబడిన మొగ్గలు కోయండి. దారంతో ఒక మూర దండ కట్టి, తడి గుడ్డలో చుట్టి, పళ్లు లేని ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి బయటికి తీయండి. బొకే నడుముకు నార దారం ముడి కనబడకుండా ఆ దండ చుట్టి, కొసను రిబ్బన్ కింద దోపండి. గౌను వేసుకుని, జడ సర్దుకుని, అందరితో ఫొటోలు దిగేసరికి ఆరవుతుంది. మొదటి పాట మొదలయ్యే వేళకు మొగ్గలు విచ్చుకుంటాయి.